ముందు వినిపించిన వైపు

టైటిల్ కార్డుల ఫైలు మంగళవారం పొద్దున పదకొండింటికి వచ్చింది. ఏ కార్డు దగ్గర సంగీతం తగ్గాలో, ఏ కార్డు దగ్గర పెరగాలో చూసుకోవడం చెల్లెమ్మ పని. ఇరవై మూడో కార్డు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. 'సౌండ్ మిక్సింగ్' అని ఉంది. దాని కింద అన్నయ్య పేరు. దాని కింద ఖాళీ.

ఆ ఖాళీలో ఆమె పేరు ఉండాలి. ఆర్నెల్ల కిందట ఇదే గదిలో, ఇదే కుర్చీలో కూర్చుని అన్నయ్య అమ్మ మీద ఒట్టేసి చెప్పాడు. "ఈ సినిమాకి నా పేరు కిందే నీ పేరు. అక్షరాలు కూడా అదే సైజు."

ఆమె ఫైలును మళ్ళీ మొదటి నుంచి నడిపింది. కెమెరా అసిస్టెంట్లు నలుగురి పేర్లూ ఉన్నాయి. భోజనాలు పెట్టినవాళ్ళ పేరుంది. కుక్కను తెచ్చినాయన పేరుంది, కుక్క పేరు కూడా ఉంది. తనది లేదు.

స్టూడియోలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అక్కడ మాస్టరుగారంటే అన్నయ్య, ఆయన చెల్లెలు గనక అందరికీ చెల్లెమ్మే. డెబ్బై ఏళ్ళ నిర్మాత ఒకాయన కూడా అలాగే పిలిస్తే, తాతగారికి కూడా చెల్లెల్నయ్యానని నవ్వి ఊరుకుంది. గేటు దగ్గర రిజిస్టరులో వాచ్‌మన్ కూడా అదే రాసేవాడు. ఇరవై ఏళ్ళుగా దాన్ని ముద్దుపేరే అనుకుంది. ఇరవై మూడో కార్డు చూశాక అందులో ముద్దు పోయింది.

మూడేళ్ళుగా ఆ గదిలో మిక్సింగు చేస్తున్నది ఆమె. ఆ సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు.

మూడేళ్ళ కిందట ఒక పొద్దున మాస్టరు ఫోను ఎడమ చెవికి పెట్టుకుని హలో హలో అని విసుక్కున్నాడు. ఫోను పాడైందని కొత్తది కొన్నాడు. కొత్తది కూడా పాడైంది. అప్పటికి గాని అర్థం కాలేదు, పాడైంది ఫోను కాదని. ఎడమ చెవి రాత్రికి రాత్రే దాదాపు పూర్తిగా పోయింది.

ఒక చెవితో మాటలు వినొచ్చు, పాటలు వినొచ్చు. శబ్దం ఏ వైపు నుంచి వచ్చిందో మాత్రం చెప్పలేం. దానికి రెండు చెవులూ కావాలి. చుట్టూ పన్నెండు స్పీకర్లు పెట్టుకుని, వాన ఎటు నుంచి పడాలో, బండి ఎటు నుంచి ఎటు పోవాలో తేల్చడమే బతుకుతెరువైన మనిషికి అంతకన్నా పెద్ద దెబ్బ లేదు. బయటికి పొక్కితే వారం తిరక్కుండా స్టూడియోకి తాళం పడుతుంది.

అందుకే చెవి పరీక్షకు వేరే ఊరు వెళ్ళారు. అక్కడ కూడా మాస్టరు పేరు తెలిసినవాళ్ళు ఉంటారేమోనని భయం. "నీ పేరు మీద రాయించు పాముచెవులూ. నీ పేరు ఆడవాళ్ళకీ సరిపోతుంది, మగవాళ్ళకీ సరిపోతుంది" అన్నాడు అన్నయ్య. చిన్నప్పటి నుంచీ ఆమెను అలాగే పిలిచేవాడు. వంటింట్లో చెంచా పడితే అది పెద్దదో చిన్నదో వీధిలోంచి చెప్పే పిల్ల మరి. ఆమె కౌంటరు దగ్గర తన పేరు, తన వయసు రాసింది. ఆడా మగా అన్న గడి వదిలేసింది. లోపల అద్దాల గదిలో కూర్చున్నది అన్నయ్య. పరీక్ష చేసినామె మిషను వైపు తప్ప మనిషి వైపు చూడలేదు. రిపోర్టు చేతికొచ్చింది. ఎడమ చెవి, తొంభై శాతం నష్టం. పైన చెల్లెమ్మ పేరు.

ఆ తర్వాత ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. మాస్టరు మధ్య కుర్చీలో కూర్చుంటాడు. ఆయనకు ఎడమ పక్కన ఎప్పుడూ చెల్లెమ్మే, ఇంకెవరూ అటు రాకుండా. డైరెక్టర్లు కుడి పక్కన. మాస్టరు ఎడమ చెయ్యి బల్ల అంచు మీద ఉంటుంది. శబ్దం ఎడమ నుంచి వస్తే ఆమె పెన్నుతో బల్ల మీద ఒకసారి తడుతుంది. కుడి నుంచి వస్తే రెండుసార్లు. ఆ అదురు ఆయన వేళ్ళకు తెలుస్తుంది. "ఎడమ వెనక కొంచెం ఎక్కువైంది, తగ్గించు" అని ఆయన గంభీరంగా అంటాడు. డైరెక్టర్లు తల ఊపుతూ, మాస్టరు చెవి మాస్టరు చెవేనని చెవి కోసుకునేవాళ్ళు. వదినకు కూడా ఈ తట్టుడు సంగతి తెలీదు.

మూడేళ్ళు, పదకొండు సినిమాలు. ఆమె ఏమీ అడగలేదు. పన్నెండో సినిమాకు మాత్రం పేరు అడిగింది, ఎందుకంటే పన్నెండో సినిమాలో ఒక పిలుపు ఉంది.

కథలో ఒక తల్లి చనిపోయి ఏడాది అవుతుంది. కూతురు ఖాళీ ఇంట్లో నిలబడి ఉండగా వెనక కుడి వైపు తలుపులోంచి తల్లి గొంతు పిలుస్తుంది. ఒకే ఒక్క పిలుపు. హాల్లో ఉన్న ప్రతివాడూ కుడి వైపు తిరిగి చూడాలని డైరెక్టరు కోరిక. కుడి స్పీకరులో గొంతు పెట్టేస్తే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. అలా చేస్తే అది స్పీకరులోంచి వచ్చినట్టే ఉంటుంది, గోడకు మేకు కొట్టినట్టు. చెల్లెమ్మ గొంతును వెనక రెండు స్పీకర్లకూ సమానంగా ఇచ్చింది. ఎడమదాన్ని మాత్రం పద్దెనిమిది మిల్లీసెకన్లు ఆలస్యం చేసింది. అంతే. గొంతు వెనక గది నిండా పరుచుకుంది, కానీ మనిషి మాత్రం కుడి తలుపు దగ్గరే ఉంది. మొదటిసారి విన్నప్పుడు ఆమెకే ఒళ్ళు జలదరించింది.

ఆ విద్య అన్నయ్య నేర్పిందే. పంతొమ్మిదేళ్ళప్పుడు ఆమెను రెండు స్పీకర్ల మధ్య కూర్చోబెట్టి చప్పట్ల శబ్దం వినిపించాడు. రెండింట్లోనూ ఒకటే చప్పట్లు, ఒకే గట్టితనం. ఒకదాన్ని కాస్త ఆలస్యం చేయగానే ఆ స్పీకరు మాయమైపోయింది. ఉందంటే ఉంది, మోగుతోందంటే మోగుతోంది, చెవి మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

"ముందు వినిపించిన వైపునే చెవి నమ్ముతుంది. తర్వాత వచ్చింది కాస్త గట్టిగా ఉన్నా సరే, దాన్ని ప్రతిధ్వని కింద తోసేస్తుంది. గుర్తుపెట్టుకో, మన వృత్తి అంతా ఈ ఒక్క ముక్క మీద నడుస్తుంది" అన్నాడు.

ఆమె గుర్తుపెట్టుకుంది.

మంగళవారం మధ్యాహ్నం ఆమె గొడవ పెట్టుకోలేదు. అన్నయ్య వచ్చి కార్డులు చూశావా అని అడిగితే, చూశాను, సంగీతం సరిపోయింది అని చెప్పింది. ఆయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, మంచిది అని వెళ్ళిపోయాడు. బుధవారం అంతా ఆమె మామూలుగా పని చేసింది. మనసులో మాత్రం పథకం ఇటుక మీద ఇటుక పేర్చుకుంది.

గురువారం పదకొండింటికి డైరెక్టరు ఆఖరి సారి సినిమా చూసుకోవడానికి వస్తున్నాడు. ఆ తర్వాత సంతకం పెడితే ప్రింటు వెళ్ళిపోతుంది. ఆ షోలో పిలుపు కుడి నుంచి కాక ఎడమ నుంచి వస్తుంది. ఆమె బల్ల మీద తట్టదు. కుడి నుంచే వచ్చిందనుకుని మాస్టరు "భేష్" అంటాడు. డైరెక్టరు ఆశ్చర్యపోతాడు. అప్పుడు ఆమె నోరు విప్పుతుంది. మూడేళ్ళుగా ఎవరి చెవులు పని చేస్తున్నాయో ఆ గదిలోనే తేలిపోతుంది. స్టూడియో ఏమీ మూతపడదని ఆమె ధైర్యం. చేసే చేతులు అవే, కార్డు మీద పేరే మారుతుంది.

గురువారం పదిన్నరకు ఆమె ఒక్కతే గదిలోకి వెళ్ళి రెండు అంకెలు మార్చింది. కుడి వెనక సున్నా ఉన్న చోట పద్దెనిమిది, ఎడమ వెనక పద్దెనిమిది ఉన్న చోట సున్నా. ఎంతో సేపు పట్టలేదు. తన చేత్తో చేసిన పనిని తనే పాడుచేసి, సేవ్ కొట్టింది.

పదకొండయింది. మాస్టరూ డైరెక్టరూ కలిసి వచ్చారు. డైరెక్టరు పదీ నలభైకే వచ్చాడట, ఇద్దరూ కింద కాంటీన్‌లో టీ తాగారట. డైరెక్టరు మెత్తటి మనిషి, యాభైకి దగ్గర పడ్డవాడు. మామూలుగా వస్తూనే ఏదో ఒక జోకు వేసేవాడు. ఆవేళ వేయలేదు. "బాగున్నారా చెల్లెమ్మగారూ?" అని అవసరమైన దానికన్నా గట్టిగా, ఒక్కో మాటా విడగొట్టి అడిగాడు. సినిమా టెన్షను కాబోలు అనుకుందామె.

దీపాలు ఆరాయి. గంటా పది నిమిషాల తర్వాత ఆ సీను వచ్చింది. ఖాళీ ఇల్లు. కూతురు నిలబడింది. ఫ్యాను ఆగిపోయిన చప్పుడు. మాస్టరు ఎడమ చెయ్యి బల్ల అంచు మీద ఉంది. చెల్లెమ్మ పెన్ను పిడికిట్లో ఉంది.

తల్లి పిలిచింది.

పెన్ను కదల్లేదు.

డైరెక్టరు గబుక్కున ఎడమ వైపు తల తిప్పాడు. తెర మీద కూతురు కుడి వైపు తిరిగింది. "ఇదేంటి, ఎడమ నుంచి వచ్చింది?" అన్నాడు.

చెల్లెమ్మ అన్నయ్య నోటి వైపు చూసింది. భేష్ అనే మాట కోసం. మాస్టరు భేష్ అనలేదు. పెద్దగా నిట్టూర్చి, బొమ్మ ఆపించి, దీపాలు వేయించాడు.

"చెప్పాను కదండీ" అన్నాడు డైరెక్టరుతో, చాలా బాధగా. "ఎడమ చెవి వినపడదని ఇంకా ఒప్పుకోలేక దాచుకుంటోంది, పిచ్చిది."

ఆయన లేచి చెల్లెమ్మ వెనక నుంచి వంగి, కంప్యూటరు తెర మీద అంకెలు చూశాడు. సున్నా ఎక్కడుందో, పద్దెనిమిది ఎక్కడుందో చూడటానికి చెవులు అక్కర్లేదు. రెండు వేళ్ళతో వాటిని అటుది ఇటు, ఇటుది అటు మార్చాడు. "ఇప్పుడు వినండి" అన్నాడు. తల్లి మళ్ళీ పిలిచింది. డైరెక్టరు కుడి వైపు తిరిగాడు. ఆయన చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం చెల్లెమ్మకు కనిపించింది. తను చేసిన పనికి అది మొదటి మెప్పు. అది అన్నయ్య ఖాతాలో పడింది.

"అబ్బ. మీరు మాస్టరే" అన్నాడు డైరెక్టరు.

చెల్లెమ్మ లేచి నిలబడింది. "వినిపించనిది నాకు కాదు సార్. అన్నయ్యకి. మూడేళ్ళుగా ఎడమ చెవి లేదు. ఈ మిక్సింగు మొత్తం నాది."

డైరెక్టరు కోప్పడితే బాగుండేది. జాలిగా చూశాడు. మాస్టరు బల్ల సొరుగు లాగి ఒక కాగితం తీసి పెట్టాడు. ఎడమ చెవి, తొంభై శాతం నష్టం. పైన ఆమె పేరు. ఈ గదిలో ఆమె పేరు అచ్చులో ఉన్న కాగితం అదొక్కటే.

"అది అన్నయ్య రిపోర్టే. నా పేరు మీద రాయించాం..." అని మొదలుపెట్టి, ఆ మాట ఎలా ఉందో తన చెవులకే వినిపించి ఆగిపోయింది. మళ్ళీ తేరుకుని అడిగింది. ఆయన కుడి చెవి మూసి ఒక్క మాట మాట్లాడి చూడండి, తేలిపోతుంది.

మాస్టరు ఆమె వైపు చూశాడు. తర్వాత తనే కుడి చెవిని అరచేత్తో గట్టిగా మూసుకుని, డైరెక్టరుకు ఎదురుగా నిలబడ్డాడు. "అడగండి సార్" అన్నాడు.

చెల్లెమ్మ డైరెక్టరు వైపు చూసింది. వెనక్కి తిరగమంటే చాలు. నోరు కనపడకుండా ఏది అడిగినా చాలు. డైరెక్టరు సిగ్గుతో ఎర్రబడిపోయి, రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ, "చెయ్యి తీయండి మాస్టరూ, ఛ, ఏంటిది" అన్నాడు. మాస్టరు ఆ చేతుల్ని చూసి చెయ్యి తీశాడు. విని తీశాడనుకున్నాడు డైరెక్టరు.

"పోనీ నన్ను పరీక్షించండి" అంది చెల్లెమ్మ.

"నాకు సినిమా కావాలి చెల్లెమ్మగారూ, మీ ఇంటి గొడవ కాదు" అన్నాడాయన మెల్లిగా. మళ్ళీ ఆమె ఎడమ చెవి గుర్తొచ్చిందేమో, కుడి వైపుకు వచ్చి అదే మాట ఇంకోసారి గట్టిగా చెప్పాడు.

మిగతా సినిమా చూసి, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. తట్టే అవసరం ఇంకెక్కడా రాలేదు. మాస్టరు నోరు తెరవలేదు, బాధలో ఉన్న అన్నయ్య మౌనంగానే ఉంటాడు కదా.

వరండాలో ఇద్దరే మిగిలారు. ఆయన గోడకు ఆనుకుని ఉన్నాడు, చెమట పట్టి చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"కార్డు చూశాక నువ్వు నన్ను తిడతావనుకున్నా. ఏడుస్తావనుకున్నా. సంగీతం సరిపోయింది అన్నావు. అప్పుడే తెలిసిపోయింది, ఏదో చేస్తావని" అన్నాడు. "టీ దగ్గర చెప్పేశాను. ఇరవై నిమిషాలు ముందు. అంతకన్నా నేనేమీ చెయ్యలేదు."

అమ్మ మీద ఒట్టు సంగతి అడిగింది ఆమె.

"రెండు పేర్లు వేస్తే రెండో పేరు ఎందుకని అడుగుతారు. మూడు రోజుల్లో మొత్తం లాగుతారు. నాకు యాభై రెండేళ్ళు. ఇది తప్ప ఏం వచ్చు నాకు?" ఆయన గొంతు నిజంగానే వణికింది. వెంటనే సర్దుకున్నాడు. "సోమవారం కొత్త సినిమా మొదలు. తొమ్మిదింటికి రా. నీకు వినపడకపోయినా చెల్లెల్ని వదులుకోలేదని అందరూ నన్ను మెచ్చుకుంటారు కూడా."

చివరి మాట వేళాకోళమో, నిజమో ఆమెకు అర్థం కాలేదు. అన్నయ్యకు కూడా అర్థమైనట్టు లేదు. ఆమె మెడలోని స్టూడియో కార్డు తీసి గేటు దగ్గర వాచ్‌మన్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

శుక్రవారం బస్సెక్కి అదే ఊరు, అదే క్లినిక్కు. ఈసారి అద్దాల గదిలో తనే కూర్చుంది. ఎంత చిన్న కూతకైనా బొత్తాం నొక్కింది. పరీక్ష చేసినామె కంప్యూటరులో పాత రిపోర్టు తీసి, కొత్తదానితో పోల్చి, కళ్ళజోడు సవరించుకుంది. ఇలా చచ్చిన నరం మూడేళ్ళకు లేచి రాదమ్మా, అప్పుడు వచ్చింది మీరు కాదో, ఇప్పుడు వచ్చింది మీరు కాదో అంది. చెల్లెమ్మ ఎంత చెప్పినా వినలేదు. కొత్త రిపోర్టు అడుగున ఒక వాక్యం టైపు చేసి ఇచ్చింది. 'పాత రిపోర్టుతో సరిపోలడం లేదు. వ్యక్తి గుర్తింపు నిర్ధారించుకోవాలి.'

అయినా ఆమె దాన్ని ఫోటో తీసి డైరెక్టరుకు పంపింది. తర్వాత ఫోను చేసింది. బస్టాండులో నిలబడి, ఎడమ చెవికి పెట్టుకుని, ఆయన ఊపిరి కూడా స్పష్టంగా విన్నది.

"మీరు పంపింది చూశానండీ" అన్నాడాయన. "మాస్టరుగారు ముందే చెప్పారు. మీరు ఇంకెవరినో కూర్చోబెట్టి మీ పేరు మీద మంచి రిపోర్టు తెప్పిస్తారని."

చెల్లెమ్మకు నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయింది. "అలా ఒకరి బదులు ఒకరు కూర్చోవచ్చన్న ఆలోచన ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో అడిగారా సార్?"

"రెస్టు తీసుకోండి చెల్లెమ్మగారూ" అన్నాడు.

తర్వాతి నెలలో ఆమె రెండు స్టూడియోలకు వెళ్ళింది. రెండు చోట్లా కుర్చీ చూపించి, గట్టిగా, ఒక్కో మాటా విడగొట్టి మాట్లాడారు. ఆమె కన్నా ముందే ఆమె చెవి సంగతి అక్కడికి చేరింది. రెండో చోట ఆమె రిపోర్టు సంచిలోంచి తీయనేలేదు.

సినిమా విడుదలైన రోజు మార్నింగ్ షోకు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళింది. చివరి వరసలో సీటు. దీపాలు ఆరబోయే ముందు చూసింది, నాలుగు వరసల ముందు మధ్యలో అన్నయ్య. ఆయన కుడి పక్కన డైరెక్టరు. ఎడమ పక్కన వదిన.

ఇరవై మూడో కార్డు వచ్చి పోయింది. ఆమె కళ్ళు మూసుకోలేదు, చూసింది. కుక్క పేరు వచ్చినప్పుడు హాల్లో ఎవరో ఈల వేశారు.

గంటా పది నిమిషాలు గడిచాయి. ఖాళీ ఇల్లు. ఫ్యాను ఆగింది. తెర వెలుగులో చెల్లెమ్మ నాలుగు వరసల ముందు కుర్చీ చేతి మీదికే చూస్తోంది. అన్నయ్య ఎడమ చెయ్యి దాని మీద ఉంది. దాని పక్కనే వదిన చెయ్యి ఉంది.

తల్లి పిలిచింది.

హాలు హాలంతా ఒక్కసారిగా కుడి వైపు తిరిగింది. మూడు వందల తలలు. ఎవరో ఆడమనిషి వెక్కింది. డైరెక్టరు కూడా తిరిగాడు, తన సినిమాకే తను మోసపోయి.

ఒక్క తల మాత్రం తిరగలేదు.

వదిన వేళ్ళు లేచి ఆ చేతి మీద తట్టాయి. ఒకసారి. రెండుసార్లు.

అప్పుడు అన్నయ్య కుడి వైపు తిరిగాడు.